ప్రతి కడుపునొప్పీ గ్యాస్ కాదు: పిత్తాశయానికి ఏ స్కాన్ ఎందుకు తీస్తారు?



రాత్రి మెస్‌లో నూనె తేలే కూర తిని పడుకుంటారు. గంటా రెండు గంటలు గడిచాక కుడివైపు పక్కటెముకల కింద గానీ, బొడ్డుకు పైన గానీ పట్టేసినట్టు నొప్పి మొదలవుతుంది. అది వీపులోకో, కుడి భుజంలోకో పాకుతుంది. వాంతి కూడా కావచ్చు. పక్క మంచం మీద ఉన్నాయన "గ్యాస్ అయ్యుంటది, ఈ గోలీ వేసుకో" అంటాడు. మూడు నాలుగు గంటలకు నొప్పి తగ్గిపోతుంది, పొద్దున్నే బస్సెక్కి సైట్‌కి పోతారు. నెల తిరిగేసరికి మళ్లీ అదే నొప్పి.

ఆస్పత్రికి తోడు వెళ్లినప్పుడల్లా ఈ మాట వింటూనే ఉంటాను. ఒక తమ్ముడు ఇలాగే నాలుగు నెలలు గ్యాస్ గోలీలతో నెట్టుకొచ్చాడు. సెలవు పెడితే జీతం కోస్తారని అతని భయం. కళ్లు పచ్చబడ్డాక ఊరి నుంచి వచ్చేవాళ్లతో పసరు మందు తెప్పించుకుని తాగాడు. మేము ఆస్పత్రిలో చేర్చేసరికి చలిజ్వరంతో వణికిపోతున్నాడు. పిత్తాశయంలో ఉండాల్సిన రాయి జారి పిత్తనాళంలో ఇరుక్కుంది, లోపల ఇన్‌ఫెక్షన్ ముదిరింది. పసరు మందు ఆ రాయిని ఎలా తీస్తుంది? ప్రాణం దక్కింది గానీ, మొదటి రెండు నొప్పులప్పుడే ఒక అల్ట్రాసౌండ్ తీయించుకుని ఉంటే అంతదాకా వచ్చేది కాదేమో.

లోపల ఏం జరుగుతుంది?

కాలేయం కింద ఉండే చిన్న సంచే పిత్తాశయం, అంటే గాల్‌బ్లాడర్. కొవ్వు అరగడానికి కావలసిన పైత్యరసం అందులో నిల్వ ఉంటుంది. మనం తిన్నప్పుడు ఆ సంచి ముడుచుకుని రసాన్ని నాళంలోకి వదులుతుంది. అందులో రాళ్లు ఉండి, ఒకటి సంచి మూతికి అడ్డం పడితే నొప్పి వస్తుంది. రాయి పక్కకు జరిగితే నొప్పి తగ్గుతుంది. అలాగే ఇరుక్కుపోతే సంచి వాస్తుంది, చీము పట్టవచ్చు, పగలనూ వచ్చు. రాయి నాళంలోకి జారితే కామెర్లు వస్తాయి, క్లోమగ్రంథి కూడా వాయవచ్చు.

రాళ్లు ఉన్నా ఏ బాధా లేనివాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లలో ఎక్కువమందికి ఆపరేషన్ అక్కర్లేదు. రాయి ఉందా, ఎక్కడ ఉంది, దానివల్ల ఏం పాడైంది అనేవి చేత్తో నొక్కి చూస్తే పూర్తిగా తెలియవు. రక్తపరీక్షలు, స్కాన్ కలిపి చూస్తేనే తెలుస్తుంది.

ఏ స్కాన్ దేనికి?

*అల్ట్రాసౌండ్:* మొదట తీయాల్సింది ఇదే. శబ్ద తరంగాలతో చేస్తారు, రేడియేషన్ ఉండదు, గర్భిణులకూ భయం లేదు. దీనికి ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి. తింటే సంచి ముడుచుకుపోయి సరిగా కనబడదు. అర్జెంటు కేసుల్లో మాత్రం అంతసేపు ఆగరు. రాళ్లు, సంచి గోడ మందం (3 మిల్లీమీటర్లు దాటితే వాపు అని అనుమానిస్తారు), చుట్టూ చేరిన నీరు, నాళం వెడల్పు ఇందులో చూస్తారు. యంత్రంతో నొక్కుతున్నప్పుడు నొప్పి పుడితే ఓర్చుకోకండి, అక్కడే చెప్పండి. ఆ నొప్పి కూడా ఒక గుర్తే. అంతకుముందు నొప్పి ఇంజెక్షన్ వేయించుకుని ఉంటే ఆ సంగతీ చెప్పాలి.

*సీటీ స్కాన్:* సంచి పగిలిందా, కుళ్లిందా, చీముగడ్డ కట్టిందా, క్లోమం వాచిందా అన్నది ఇది బాగా చూపిస్తుంది. కానీ కొన్ని రాళ్లు సీటీలో పైత్యరసంలాగే కనిపించి తప్పించుకుంటాయి. అందుకే "సీటీలో రాళ్లు లేవన్నారు" అని ఊరుకోకండి. నొప్పి మళ్లీ వస్తుంటే "అల్ట్రాసౌండ్ తీశారా డాక్టర్?" అని అడగండి. గర్భం ఉన్నా, కిడ్నీ జబ్బు ఉన్నా, ఇంతకుముందు ఏ మందైనా పడకపోయినా ముందే చెప్పండి.

*ఎంఆర్‌సీపీ:* ఇది ఎంఆర్‌ఐలో ఒక రకం. నాళం కింది భాగం పేగుల్లోని గాలి వల్ల అల్ట్రాసౌండ్‌లో సరిగా కనబడకపోవచ్చు. అక్కడ రాయి ఉందేమో అని అనుమానం వస్తే ఇది తీస్తారు. ఇది పెద్ద అయస్కాంతం. గ్రైండింగ్, వెల్డింగ్ చేసే అన్నలు ఒకటి గుర్తుంచుకోవాలి: ఎప్పుడైనా కంట్లో ఇనుప రజను పడి ఉంటే, ఒంట్లో ప్లేటో పేస్‌మేకరో ఉంటే, లోపలికి వెళ్లకముందే చెప్పండి. చెప్పకపోతే కంటికే ప్రమాదం.

*హైడా స్కాన్:* అల్ట్రాసౌండ్‌తో తేలకపోతే కొన్నిసార్లు ఇది రాస్తారు. ఇంజెక్షన్‌తో కొద్దిపాటి రేడియోధార్మిక మందు ఎక్కించి, అది సంచిలోకి చేరుతుందా లేదా అని కెమెరాతో చూస్తారు. చేరకపోతే సంచి మూతి మూసుకుపోయిందని అర్థం.

ఈఆర్‌సీపీ అనే మాట కూడా వినబడుతుంది. పేరు ఎంఆర్‌సీపీలాగే ఉన్నా పని వేరు. నోట్లోంచి గొట్టం పంపి నాళంలోని రాయిని తీసే చికిత్స అది. దాని తర్వాత క్లోమం వాచే అవకాశం కొంత ఉంటుంది. సంతకం పెట్టే ముందు రెండిట్లో ఏది చేస్తున్నారో అడిగి తెలుసుకోండి.

రిపోర్టులో కనబడే మాటలు

కోలిలిథియాసిస్ అంటే సంచిలో రాళ్లు. అక్యూట్ కోలిసిస్టైటిస్ అంటే సంచి వాచింది, ఆలస్యం చేయకూడదు. కోలెడోకోలిథియాసిస్ అంటే నాళంలో రాయి. సీబీడీ డైలేటెడ్ అంటే పెద్ద పిత్తనాళం వెడల్పయింది, కింద అడ్డు ఉందేమో చూడాలి.

ఖర్చు, సెలవు: యూఏఈలో మీ హక్కు

ఆరోగ్య బీమా చేయించాల్సింది యజమాని. ఆ ప్రీమియం మీ జీతంలోంచి కోయకూడదు. అబుదాబి, దుబాయిల్లో ఇది ముందునుంచే ఉంది. 2025 జనవరి 1 నుంచి మిగతా ఎమిరేట్లలోనూ పర్మిట్ కొత్తగా తీసుకున్నప్పుడు, రెన్యూ చేసినప్పుడు తప్పనిసరి చేశారు. ఇళ్లల్లో పనిచేసేవాళ్లకూ ఇది వర్తిస్తుంది. బీమా ఉన్నా బిల్లులో కొంత వాటా మీరు కట్టాల్సి రావచ్చు. సీటీ, ఎంఆర్‌ఐ లాంటి వాటికి మామూలుగా ఇన్సూరెన్స్ కంపెనీ ముందస్తు అనుమతి అడుగుతారు. అనుమతి వచ్చిందో లేదో కౌంటర్‌లో మీరే కనుక్కోండి.

కంపెనీల్లో పనిచేసేవాళ్లకు ప్రొబేషన్ దాటాక ఏడాదికి 90 రోజుల వరకు సిక్ లీవ్ ఉంది: మొదటి 15 రోజులు పూర్తి జీతం, తర్వాతి 30 రోజులు సగం జీతం, మిగతా 45 రోజులకు జీతం ఉండదు. జబ్బు సంగతి మూడు పనిదినాల్లోగా కంపెనీకి తెలియజేసి, డాక్టర్ రిపోర్టు ఇవ్వాలి. ఇళ్లల్లో పనిచేసే అక్కచెల్లెళ్లకు ఏడాదికి 30 రోజులు: మొదటి 15 పూర్తి జీతంతో, మిగతా 15 జీతం లేకుండా. అంటే స్కాన్ రిపోర్టు మీ వైద్యానికే కాదు, మీ జీతానికీ కాగితమే. కాపీ, స్కాన్ సీడీ అడిగి తీసుకోండి. ఫోన్‌లో ఫోటో కూడా తీసి పెట్టుకోండి. "ఆపరేషన్ ఊళ్లోనే చేయించుకుంటా" అనుకుంటే ఆ సీడీ అక్కడ పనికొస్తుంది.

బీమా లేదన్నా, సెలవు ఇవ్వకపోయినా కార్మిక శాఖ నంబరు 600590000. మన భాషలో సలహా కావాలంటే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం, 80046342.

అసలు ఆగకూడనివి

నొప్పి ఐదారు గంటలైనా తగ్గకపోవడం, నొప్పితోపాటు చలిజ్వరం, కళ్లు పచ్చబడటం, మూత్రం డికాక్షన్ రంగులో రావడం, మలం తెల్లగా రావడం, ఏం తాగినా వాంతి కావడం. వీటిలో ఏ ఒక్కటి కనబడినా డ్యూటీ అయ్యేదాకా చూడకండి. ఎమర్జెన్సీకి వెళ్లండి, లేదా 998కి ఫోన్ చేసి అంబులెన్స్ పిలవండి. ఈ స్థితిలో ఊరికి పోదామని విమానం ఎక్కకండి. ఛాతీ బరువెక్కి చెమటలు పడుతుంటే అది గుండెపోటూ కావచ్చు, అప్పుడు ముందు ఈసీజీ తీయాలి.

ఈ పేజీ చింపి రూమ్ తలుపుకు అంటించండి. ఈసారి పక్క మంచం మీదాయన "గ్యాస్ గోలీ ఉందా?" అని అడిగితే, గోలీ ఇచ్చే ముందు "ఇది ఎన్నోసారి నొప్పి?" అని అడగండి. రెండోసారి అంటే స్కాన్‌కి తీసుకెళ్లండి.