హైడ్రోజన్ ముందా, బ్రోమిన్ ముందా?

సావనీర్‌కి ఏదైనా రాయమని యూనియన్ మిత్రులు అడిగారు. కథలూ కవితలూ నాకు చేతకావు కనుక, నేను చదువుకుంటున్న కర్బన రసాయనశాస్త్రం గురించే నాలుగు మాటలు రాస్తానన్నాను. "ఎవరు చదువుతారోయ్!" అని నవ్వారు. నిజమే. ఆర్గానిక్ కెమిస్ట్రీ అనగానే ఇంటర్మీడియట్‌లో బట్టీపట్టిన బాణం గుర్తులూ, వాటి మీద రాసిన కారకాల పేర్లూ గుర్తొచ్చి చాలామందికి ఇప్పటికీ గుండె దడే. పరీక్ష మర్నాడు అన్నీ మర్చిపోవటం కూడా మామూలే. కాని ఒక్క చర్యను పట్టుకుని "ఎలక్ట్రాన్లు ఎటు పోతున్నాయి?" అని అడుగుతూ పోతే ఈ బట్టీతో పని లేదని నా నమ్మకం. అందుకు ఇంటర్ పాఠంలోని చర్యనే తీసుకుంటాను.

ప్రొపీన్‌లో మూడు కార్బన్లు. ఒక చివరి కార్బన్‌కీ మధ్య కార్బన్‌కీ నడుమ ద్విబంధం. ఆ చివరి కార్బన్ మీద రెండు హైడ్రోజన్లున్నాయి, మధ్య దాని మీద ఒకటే. దీనికి హైడ్రోజన్ బ్రోమైడ్ కలిపితే హైడ్రోజన్ ఎటు పోతుంది, బ్రోమిన్ ఎటు పోతుంది? రష్యన్ శాస్త్రవేత్త మార్కోనికాఫ్ 1870 ప్రాంతంలోనే దీనికో నియమం చెప్పాడు. హైడ్రోజన్లు ఎక్కువగా ఉన్న కార్బన్‌కే కొత్త హైడ్రోజన్ చేరుతుంది. ఉన్నవాడికే మరికొంత అన్నమాట! బ్రోమిన్ మధ్య కార్బన్‌కి చేరి 2-బ్రోమోప్రొపేన్ వస్తుంది. ఇంతవరకూ మనమందరం గడగడా అప్పజెప్పినవాళ్ళమే.

పేజీ తిప్పితే ఇంకోటి ఉంటుంది. పెరాక్సైడ్ సమక్షంలో అంతా తలకిందులై, బ్రోమిన్ చివరికి పోయి 1-బ్రోమోప్రొపేన్ వస్తుంది. మా పక్కింటి ఇంటర్ కుర్రాడు ఒకరోజు ఇదే పట్టుకొచ్చాడు. "అన్నయ్యా, రూలంటే రూలుండాలి గదా! చిటికెడు పెరాక్సైడ్ వేస్తే ఎట్లా తిరగబడుతుంది?" అన్నాడు. మంచి ప్రశ్న. ఇదే ప్రశ్న దశాబ్దాల తరబడి పెద్దపెద్ద శాస్త్రవేత్తలను కూడా తికమక పెట్టింది.

అసలు గొడవ ఎల్లైల్ బ్రోమైడ్ దగ్గర తేలింది. అది ప్రొపీన్ లాంటిదే. కాకపోతే మూడో కార్బన్ మీద ముందుగానే ఒక బ్రోమిన్ ఉంటుంది. దీనికి హైడ్రోజన్ బ్రోమైడ్ కలిపితే ఒకరికి 1,2-డైబ్రోమోప్రొపేన్ వచ్చేది, మరొకరికి 1,3- వచ్చేది, ఇంకొకరికి రెండూ కలిసి వచ్చేవి. షికాగో విశ్వవిద్యాలయంలో ఖరాష్, ఆయన దగ్గర పనిచేసిన మేయో ఈ చిక్కుముడిని విప్పి 1933లో ప్రకటించారు. ఎల్లైల్ బ్రోమైడ్‌ను బాగా శుద్ధిచేసి, గాలి తగలకుండా చర్య జరిపిస్తే పది రోజులు పట్టింది, నియమం ప్రకారం 1,2- వచ్చింది. గాలి తగిలినప్పుడో, పెరాక్సైడ్ చేర్చినప్పుడో కొద్ది గంటల్లోనే ముగిసింది, 1,3- వచ్చింది. అంటే తేడా కారకంలో లేదు, సీసాలో ఉంది. నిలవ ఉన్న ద్రవంలో గాలివల్ల తయారైన రవ్వంత పెరాక్సైడే ఇంతమందిని తిప్పలు పెట్టింది.

ఇక చర్యావిధానం చూద్దాం. మొదట పెరాక్సైడ్ లేని దారి. ద్విబంధంలో ఎలక్ట్రాన్లు దండిగా ఉంటాయి. కాబట్టి ఎలక్ట్రాన్ల కోసం వెతుక్కునే ధన హైడ్రోజనే ముందు వస్తుంది. అది చివరి కార్బన్‌కి అతుక్కుంటే ధనావేశం మధ్య కార్బన్ మీద మిగులుతుంది. దానికి రెండు పక్కలా కార్బన్ సమూహాలున్నాయి, అవి తమ ఎలక్ట్రాన్లను కాస్త ఇటు నెట్టి ఆ బరువు పంచుకుంటాయి. అదే హైడ్రోజన్ మధ్యలో అతుక్కుంటే ధనావేశం చివర పడుతుంది, అక్కడ ఆసరా ఒక్క పక్కే. అందుకే మొదటి దారే సుళువు. తరవాత బ్రోమైడ్ అయాన్ వచ్చి మధ్య కార్బన్‌కి చేరుతుంది. ఇదే మార్కోనికాఫ్ నియమం.

ఇప్పుడు పెరాక్సైడ్ ఉన్న దారి. పెరాక్సైడ్‌లో రెండు ఆక్సిజన్ల నడుమ బంధం చాలా బలహీనం. అది సరిసమానంగా తెగి, చెరో ఒంటరి ఎలక్ట్రాన్‌తో స్వేచ్ఛా ప్రాతిపదికలు పుడతాయి. ఆ ప్రాతిపదిక హైడ్రోజన్ బ్రోమైడ్ నుంచి హైడ్రోజన్‌ను లాక్కుంటుంది. మిగిలిన బ్రోమిన్ పరమాణువు ద్విబంధం మీద పడుతుంది. గమనించండి, ఈసారి ముందు వచ్చింది బ్రోమిన్! అది కూడా చివరి కార్బన్‌కే అతుక్కుంటుంది. ఎందుకంటే అప్పుడు ఒంటరి ఎలక్ట్రాన్ మధ్య కార్బన్ మీద ఉంటుంది, అక్కడే దానికి ఆసరా ఎక్కువ. పైగా చివర చోటు కూడా ఖాళీ. ఆ తరవాత మధ్య కార్బన్ ఇంకో హైడ్రోజన్ బ్రోమైడ్ నుంచి హైడ్రోజన్‌ను తీసుకుంటుంది. దాంతో మరో బ్రోమిన్ విడుదలై మళ్ళీ మొదటికి వస్తుంది. ఇది శృంఖల చర్య. అందుకే రవ్వంత పెరాక్సైడ్ చాలు, అందుకే అంత వేగం.

నేను చెప్పదలచుకున్నదల్లా ఇక్కడే ఉంది. నియమం తిరగబడలేదు. రెండు దారుల్లోనూ ముందు వచ్చినది చివరికి చేరింది, రెండింటిలోనూ బరువు మోసింది మధ్య కార్బనే. మారిందల్లా ముందు ఎవరు వచ్చారన్నదే. "మార్కోనికాఫ్", "ప్రతి-మార్కోనికాఫ్" అని రెండు బట్టీలు అక్కర్లేదు, ఒక్క ఆలోచన చాలు.

మరి హైడ్రోజన్ క్లోరైడ్, హైడ్రోజన్ అయొడైడ్‌లకు పెరాక్సైడ్ ప్రభావం ఎందుకు లేదు? క్లోరైడ్‌లో హైడ్రోజన్ బంధం మరీ గట్టిది, కార్బన్ ప్రాతిపదిక దాన్ని సులువుగా తెంచలేదు. అయొడైడ్‌లో బంధం తేలిగ్గానే తెగుతుంది గాని, అయోడిన్ పరమాణువు ద్విబంధానికి చేరటానికి ఎదురు శక్తి పెట్టుకోవాలి. శృంఖలంలో ఒక్క లింకు బిగిసినా గొలుసు సాగదు. రెండు మెట్లూ కలిసొచ్చేది బ్రోమైడ్‌కే.

రవ్వంత మలినం ఎంత పనిచేస్తుందో చెప్పే కథ ఇంకొకటుంది. అదే 1933లో ఇంగ్లండులోని ఐ.సి.ఐ. ప్రయోగశాలలో పాలిథిన్ మొదటిసారి కనబడింది. కాని 1935 దాకా దాన్ని మళ్ళీ సరిగ్గా తయారుచెయ్యలేకపోయారు. చర్య మొదలుకావటానికి కావలసింది జాడమాత్రపు ఆక్సిజన్ అని తరవాతగాని తెలియలేదు.

ఇదంతా కాగితం మీది ముచ్చట కాదు. మన లాబొరేటరీ అలమరాల్లో ఉండే ఈథర్ కూడా గాలి, వెలుతురు తగిలి పెరాక్సైడ్లు తయారుచేసుకుంటుంది. పాత ఈథర్‌ను స్వేదనం చేసేటప్పుడు ఈథర్ ముందు ఆవిరైపోయి, పెరాక్సైడ్లు అడుగున చిక్కబడతాయి. ఫ్లాస్కు పొడిగా అయ్యేదాకా వేడిచేస్తే పేలి కళ్ళు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. అందుకే సీసా తెరిచిన తేదీ దాని మీద రాయాలి. వాడేముందు కొంచెం ఈథర్‌ను ఆమ్లం కలిపిన పొటాషియం అయొడైడ్ ద్రావణంతో కుదిపి చూడాలి. అయోడిన్ రంగు పసుపుగానో గోధుమగానో తేలితే పెరాక్సైడ్ ఉన్నట్టే. అప్పుడు ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణంతో కడిగి, మళ్ళీ పరీక్షించిగాని స్వేదనం జోలికి పోకూడదు. ఏళ్ళ తరబడి తెరవకుండా పడివున్న సీసా అయితే దాన్ని ముట్టుకోకుండా లెక్చరర్‌గారికి చెప్పటం మేలు.

పెరాక్సైడ్ బంధం ఎంత బలహీనమో ఎరిగినవాడికి ఈ జాగ్రత్తలు ఒకరు చెప్పనక్కర్లేదు. జూనియర్ తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ నా మనవి ఒక్కటే. ఈసారి బాణం గుర్తు చూసినప్పుడు దాని మీది పేరు కంఠస్థం చేసే ముందు, ఎవరు ముందు వస్తున్నారు, ఎందుకు వస్తున్నారు అని ఒక్క క్షణం ఆగి అడగండి.