ఎండలో ఫోన్ మీద అక్షరాలు ఎందుకు కనపడవు? రంగులు ఎలా ఎంచాలి?

రెంటచింతల ఎండ సంగతి తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అక్కడ మిరప కళ్లంలో నిలబడి గుంటూరు యార్డు ధర చూద్దామని ఫోన్ తీస్తే, తెల్లటి తెర మీద లేత బూడిద రంగు అంకెలు ఆనవు. చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్లు చికిలించుకుని చూడాలి. తప్పు రైతు చూపుది కాదు, ఆ రంగులు ఎంచినవాళ్లది.

ఎందుకంటే అక్షరం కంటికి ఆనేది రంగు వల్ల కన్నా వెలుగు తేడా వల్ల. కాయలు ఏరే ఆడవాళ్లు ఎర్రకాయల్లోంచి తాలుకాయను ఇట్టే పట్టేస్తారు. ఆ రాశిని నలుపు తెలుపు ఫోటో తీసినా తాలు పాలిపోయి బయటపడుతుంది. అదే ఎరుపు, ఆకుపచ్చ ఒకే వెలుగులో ఉంటే ఆ ఫోటోలో రెండూ ఒక్కలాగే ఉంటాయి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని కళ్లకు తెర మీద జరిగేదీ దాదాపు ఇదే.

ఈ తేడాను కొలిచే లెక్క డబ్ల్యూసీఏజీ అనే అంతర్జాతీయ వెబ్ ప్రమాణాల్లో ఉంది. తెలుపు మీద నలుపుకు నిష్పత్తి 21. మామూలు అక్షరాలకు కనీసం 4.5, పెద్ద అక్షరాలకు 3 ఉండాలి.

మరి 4.5 ఉంటే కళ్లంలో కనపడుతుందా? లెక్క వేసి చూద్దాం. తెర మీది తెలుపు వెలుగు 500 పాళ్లు అనుకుంటే, ప్రమాణం లెక్క ప్రకారం 4.5 నిష్పత్తి ఉన్న బూడిద అక్షరం వెలుగు సుమారు 90 పాళ్లు. ఎండ తెర మీద పడి మరో 125 పాళ్లు రెండింటికీ కలిసిందనుకోండి. ఇప్పుడు 625కీ 215కీ మధ్య నిష్పత్తి మూడుకు కూడా చేరదు. కటిక నలుపు అక్షరమే 5కి పడిపోతుంది. ప్రమాణం లెక్కలో బయటి వెలుగుకు కాస్త చోటిచ్చారు గాని, అది గదిలో వెలుగుకు సరిపోయేంతే. అందుకే పల్నాడు రైతు చేతికి వెళ్లే యాప్‌లో 4.5ను గమ్యంగా పెట్టుకోకూడదని నా గట్టి అభిప్రాయం. పైగా మన లిపిలో ద, ధల మధ్య తేడా చిన్న గీతే. తెర వెలిసిపోతే ముందు పోయేది అదే.

ఇక ఎలా? చాలామంది డిజైనర్లు రంగు, గాఢత, వెలుగులను అంకెలతో చెప్పే హెచ్‌ఎస్‌ఎల్ పద్ధతిలో అన్ని రంగులకూ ఒకే వెలుగు అంకె ఇచ్చి, పని అయిపోయిందనుకుంటారు. అందులో 50 శాతం పసుపు తెలుపు మీద 1.07 నిష్పత్తి ఇస్తుంది, అదే 50 శాతం నీలం 8.6 ఇస్తుంది. కంటికి పసుపు ఎంత ప్రకాశంగా తోస్తుందో ఆ అంకెకు తెలియదు. దాని బదులు, కంటికి తోచే వెలుగును అంకెగా చెప్పే సీఐఈ ల్యాబ్ పద్ధతి తీసుకోండి, అది 1976లో వచ్చింది. అందులో నలుపు 0, తెలుపు 100. వెలుగు మెట్టు 40 దగ్గర ఎరుపు తీసుకున్నా, ఆకుపచ్చ తీసుకున్నా, నీలం తీసుకున్నా తెలుపు మీద నిష్పత్తి దాదాపు 6.5 వస్తుంది. కాబట్టి ముందు మెట్లు ఖాయం చేసుకుని, ప్రతి రంగునూ ఆ మెట్ల మీదే పేర్చాలి. అప్పుడు నీలం బటన్ తీసి ఆకుపచ్చది పెట్టినా చదవడానికి తేడా రాదు. అమెరికా ప్రభుత్వ వెబ్ డిజైన్ వ్యవస్థ తన రంగులకు ఇలాగే 0 నుంచి 100 దాకా అంకెలిచ్చింది. రెండు రంగుల మధ్య 50 తేడా ఉంటే 4.5 నిష్పత్తికి అక్కడ పూచీ ఉంటుంది.

పసుపు ఒక్కటే పేచీ పెడుతుంది. 40 మెట్టుకు దించితే గోధుమ రంగులోకి దిగిపోతుంది. దాన్ని అక్షరానికి వాడకుండా వెనక పరిచి, పైన నలుపుతో రాయడమే మేలు.

ధర పెరిగితే ఆకుపచ్చ, తగ్గితే ఎరుపు అని వదిలేయడం కూడా చాలదు. ఆ రెండు రంగుల తేడా తెలియని వాళ్ల కోసం పక్కన ‘పెరిగింది’, ‘తగ్గింది’ అని మాట ఉండాలి, లేదా బాణం గుర్తయినా ఉండాలి.

ఇది సౌకర్యం సంగతి మాత్రమే కాదు. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి నరసరావుపేట, మాచర్ల, గురజాల కాలేజీల్లో వెబ్ పని నేర్చుకుంటున్న పిల్లలారా, మీరు చేసిన పేజీని చవక ఫోన్లో, మిట్టమధ్యాహ్నం ఆరుబయట, మీ ఇంట్లో పెద్దవాళ్ల చేత చదివించి చూశాకే జనంలోకి వదలండి.