గొడ్డలి, కొడవలి, రెండు చేతులు

నల్లమల పెంటల్లో యంత్రం సాయం లేకుండా లేచే చెంచు ఇంటి కథ

మన్ననూరు చెక్‌పోస్టు దాటి ఫర్హాబాద్ వైపు సాగితే నాగర్‌కర్నూల్ మైదానం వెనకబడి నల్లమల మొదలవుతుంది. తారురోడ్డు దిగి లోపలికి పోతే అప్పాపూర్, రాంపూర్, భౌరాపూర్ లాంటి చెంచు గూడేలు, వాళ్ల మాటలో పెంటలు. జేసీబీ, క్రేన్, కాంక్రీటు మిల్లరు లేకుండా ఇల్లు కట్టుకోవడం అక్కడ ఏ తరానికీ కొత్త కాదు. ఒక గొడ్డలి, ఒక కొడవలి, గుంత తీయడానికి గడ్డపార ఉంటే చాలు. మిగతాదంతా చేతిపని.

దుంగల ఇల్లు అనగానే మనకు ఫిన్లాండ్, నార్వే బొమ్మలే కళ్లముందుకొస్తాయి. అక్కడి పైన్ చెట్టు నిటారుగా పెరుగుతుంది, దాని కర్ర గొడ్డలికి ఇట్టే లొంగుతుంది. దుంగల మూలల్లో గాడి కొట్టి ఒకదానిమీద ఒకటి పేరిస్తే చలి లోపలికి రాదు. మన అడవి తీరు వేరు. నారేపి చెట్టు చేవ నీళ్లలో వేస్తే మునిగేంత బరువు. అలాంటి దుంగలు భుజాన మోసి గోడగా పేర్చడం అయ్యే పని కాదు. ఒకవేళ పేర్చినా, గాలి ఆడని ఆ గోడల మధ్య పాలమూరు ఎండాకాలం గడవదు. అందుకే చెంచు ఇంట్లో కర్రది గుంజ పని మాత్రమే. గోడ వెదురుది, కప్పు గడ్డిది.

నిట్టాడు నుంచి మొదలు

పాతకాలపు చెంచు ఇల్లు గుండ్రం. నడుమ ఎత్తుగా నిట్టాడు, దాని చుట్టూ పొట్టి గుంజలు. అడవిలో గుంజను ఎంచేటప్పుడే తలకాయ దగ్గర పంగ ఉన్న కొమ్మ చూసుకుంటే మేకుతో పని ఉండదు. అడ్డకర్ర ఆ పంగలో కూర్చుంటుంది. చెద పట్టకుండా గుంజ మొదలు కాల్చి, పైపొర బొగ్గయ్యాక పాతడం మన పల్లెల్లో పందిరి వేసేవాళ్లందరికీ తెలిసిన పనే. నిట్టాడు మీది నుంచి చుట్టూ వాసాలు దిగితే కప్పుకు ఆకారం వస్తుంది.

అసలు నేర్పంతా వెదురు దగ్గర. లేత బొంగులో పిండి ఎక్కువ, పురుగు ముందు దాన్నే పడుతుంది. కనీసం మూడేళ్లు ముదిరినదాన్ని, వానలు వెనకబడ్డాక నరకాలి. బొంగు కొస మీద కొడవలి పెట్టి ఒక్క దెబ్బ కొడితే చీలిక దిగుతుంది. ఆపైన కొడవలి అక్కర్లేదు. రెండు పాయలనూ చేతుల్తో పట్టి లాగుతుంటే కణుపు కణుపు దగ్గరా టప్పుమంటూ మొదలు దాకా చీలిపోతుంది. లాగుడు ఒకవైపు ఎక్కువైతే చీలిక పక్కకు తిరిగి బొంగు వృథా. ఈ దబ్బలను కిందికీ మీదికీ అల్లితే తడిక. కట్లకు నారేపి బెరడు నార. తడి మీదే కట్టేస్తారు, ఆరాక బిగుసుకుంటుంది. గడ్డి చూరు నుంచి మొదలుపెట్టి పైకి కప్పుకుంటూ పోవాలి. పై వరస కింది వరసను కప్పితేనే వాన జారిపోతుంది. లోపల పొయ్యి పొగ కప్పులోంచి పోతూ గడ్డికి పట్టిన పురుగును కూడా తరుముతుంది.

ఇంతటి కట్టుబడిని శ్రద్ధగా చూసి రాసిన పరదేశి క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్. 1940లో అమ్రాబాద్ గుట్టల మీద చెంచుల మధ్య ఉండి, 1943లో వాళ్లమీద పుస్తకం వేశాడు.

మైదానంలో మాత్రం కట్టుబడి మారుతుంది. గద్వాల, వనపర్తి ఊళ్లలో రాళ్లూ మట్టీ కలిపి లేపిన గోడలు, వాటి మీద దూలాలు, పైన మట్టి మిద్దె, వాన దిగకుండా చౌడు. ఆ దూలాలను పైకెక్కించింది తాళ్లూ మనుషుల భుజాలే. నాగార్జునసాగర్ లాంటి పెద్ద రాతి ఆనకట్ట కూడా ప్రధానంగా కూలీల రెక్కల కష్టంతోనే లేచింది. యంత్రం లేకపోతే కట్టలేమన్న భయం ఈ నేలకు ఎన్నడూ లేదు.

హక్కు ఎవరిది?

గడ్డి ఇంటిని పొగిడి ఊరుకుంటే చెంచు ఆడవాళ్లకు అన్యాయం చేసినట్టే. గడ్డి కొన్నేళ్లకే మార్చాలి. నిప్పురవ్వ పడితే ఇల్లంతా బూడిద. వానాకాలం పాము భయం. గట్టి కప్పు అడగడం వాళ్ల న్యాయమైన కోరిక. 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ పథకం కింద ఆదిమ తెగల కుటుంబాలకు ఇంటికి 2.39 లక్షల రూపాయలు కేటాయించారు. మంచిదే. కానీ ఇటుక, ఇసుక, సిమెంటు పెంట దాకా చేరేసరికే అందులో ఎంతో కొంత రవాణాకు పోతుంది. కట్టేది బయటి మేస్త్రి. ఇల్లు ఎవరిదో వాళ్లు పక్కన నిలబడి చూస్తారు. మే నెలలో ఆ ఇంటి సిమెంటు శ్లాబు కింద మధ్యాహ్నం పడుకోవడం ఎంత కష్టమో ఊళ్లలో ఉన్న మనకే తెలుసు.

వెదురు సంగతి చూడండి. 2006 అటవీ హక్కుల చట్టం దాన్ని చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించి, సేకరించుకునే హక్కు అడవి బిడ్డలకిచ్చింది. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు. అందులో పెంటకు కావలసినంత వెదురు, గడ్డి కోసుకుంటే పులికి వచ్చే నష్టమేమీ లేదు. బోరాక్సు, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లలో నానబెడితే వెదురుకు పురుగు పట్టదు. దానికి రాతి పునాది, పైన మంట అంటని కప్పు తోడైతే చెంచు ఇల్లు మరో తరం దాకా నిలుస్తుంది.

మన్ననూరు ఐటీడీఏ అధికారులకూ గృహనిర్మాణ శాఖకూ నా విన్నపం ఒక్కటే. నమూనా గీసే ముందు పెంటలో కూర్చోండి. జన్‌మన్ డబ్బుతో వెదురిల్లు కట్టుకుంటామన్న కుటుంబానికి ఆ అవకాశమివ్వండి, దాన్ని పక్కా ఇల్లుగానే లెక్కగట్టండి, కూలి డబ్బు కట్టిన చెంచు చేతికే ఇవ్వండి.