ఇరవయ్యో నిమిషం తరవాత గేమింగ్ ఫోను

గేమింగ్ ఫోను పెట్టె మీద అచ్చువేసే అంకెలన్నీ మొదటి నిమిషానివి. ప్రాసెసర్ వేగం ఎన్ని గిగాహెర్ట్జ్‌లు, తెర ఎన్ని హెర్ట్జ్‌లు, బెంచ్‌మార్క్‌లో ఎన్ని లక్షల పాయింట్లు అన్నవి చల్లటి ఫోను చల్లటి గదిలో పరుగు అందుకున్నప్పటి లెక్కలు. కొన్నవాళ్ళు ఆడేది అక్కడ కాదు. హైటెక్ సిటీకి పది కిలోమీటర్లలోపే ఉన్న మూసాపేటనే తీసుకుందాం. ఒకపక్క కూకట్‌పల్లి, ఇంకోపక్క భరత్‌నగర్, ఎర్రగడ్డ. మెయిన్ రోడ్డు మీద మెట్రో, లోపలి వీధుల్లో అద్దె గదులు. పగలంతా ఎండ తాగిన స్లాబు రాత్రి పది దాటినా సెగ వదులుతూనే ఉంటుంది. దాని కింద, సీలింగ్ ఫ్యాను గాలిలో, నలుగురు కుర్రాళ్ళు ఒక స్క్వాడ్‌గా బీజీఎంఐ (పబ్జీ మొబైల్‌కి భారతీయ రూపం) ఆడుతుంటే, అరగంట తరవాత ఆ ఫోన్లు ఏ వేగంతో నడుస్తాయో ఏ పెట్టె మీదా ఉండదు. గేమింగ్ ఫోను అంటే ముందుగా వేడిని బయటికి పంపే యంత్రం. దాన్ని ఆ పనిలోనే, మన వాతావరణంలోనే తూచాలన్నది నా వాదన.

ఈ యంత్రం చరిత్ర కూడా అదే చెబుతుంది. 1997లో నోకియా 6110లో పాము ఆట వచ్చినప్పుడు వేడి అన్న సమస్యే లేదు. 2003 అక్టోబరులో నోకియా ఎన్-గేజ్‌ని ఆటల కోసమే తయారుచేసి వదిలింది. 104 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్. ఆట మార్చాలంటే వెనక మూత తీసి, బ్యాటరీ ఊడబెరికి, కార్డు మార్చాలి. అది ఓడిపోయింది గానీ వేడెక్కి కాదు, వాడకం తలనొప్పి కాబట్టి. అసలు కథ 2017 నవంబరులో, 120 హెర్ట్జ్ తెరతో రేజర్ ఫోను వచ్చినప్పుడు మొదలైంది. 2018లో బ్లాక్ షార్క్, రెడ్ మ్యాజిక్, అసూస్ వారి రోగ్ ఫోను వరసకట్టాయి. ఆ ఏడాది మార్చిలోనే పబ్జీ మొబైల్ ప్రపంచమంతటా విడుదలైంది. ఈ ఫోన్ల ప్రత్యేకతలు ఏవని చూడండి: రాగి పైపులు, ఆవిరి గది, వెనక తగిలించే ఫ్యాను. రోగ్ ఫోనుకి పక్కన రెండో చార్జింగ్ రంధ్రం పెట్టారు; చార్జింగ్‌లో పుట్టే వేడిలో కొంత ఫోనులో కాక అడాప్టర్‌లోనే పుట్టేలా సర్క్యూట్లను బయటికి తరలించారు. 2019లో రెడ్ మ్యాజిక్ 3 ఏకంగా ఫోను లోపలే తిరిగే ఫ్యాను పెట్టింది. చిప్పు అందరిదీ ఒకటే, క్వాల్‌కామ్ స్నాప్‌డ్రాగన్. తేడా అంతా దాని చుట్టూ కట్టిన కొంపలోనే ఉంది.

వేడి ఎందుకు పుడుతుందో చూస్తే సంగతి ఇంకా తేలికవుతుంది. చిప్పు ఖర్చుచేసే విద్యుత్తు దాదాపుగా వోల్టేజీ వర్గానికీ, పనిచేసే వేగానికీ అనులోమంగా ఉంటుంది. వేగం పెంచాలంటే వోల్టేజీ కూడా పెంచాలి. కాబట్టి ఆఖరి కొద్దిపాటి వేగం చాలా ఖరీదు. వేగాన్నీ వోల్టేజీనీ చెరో ఐదో వంతు తగ్గిస్తే ఖర్చు 0.8 × 0.8 × 0.8, అంటే సుమారు 0.51కి పడిపోతుంది. ఐదో వంతు వేగం వదులుకుంటే వేడి సగమవుతుందన్నమాట. నిజం చిప్పులో లెక్క ఇంత శుభ్రంగా రాదు. వేడెక్కేకొద్దీ ట్రాన్సిస్టర్లలో కారిపోయే కరెంటు పెరుగుతుంది, వోల్టేజీని ఒక హద్దు దాటి తగ్గించలేం. అయినా దిశ ఇదే. 5000 మిల్లీ ఆంపియర్-అవర్ల బ్యాటరీలో ఉండేది సుమారు 19 వాట్-అవర్ల శక్తి. ఆటలో 5 వాట్లు లాగితే నాలుగు గంటలకు కాస్త ముందే ఖాళీ అవుతుంది. ఆ 19లో తెర వెలుగుగానో రేడియో తరంగాలుగానో పోయేది కొద్దిపాటే. మిగిలిందంతా అరచేతిలో వేడే.

ఆ వేడి బయటికి వెళ్ళే దారి చూద్దాం. చిప్పు మీద పరిచే ఆవిరి గది అంటే చదునైన రాగి డబ్బా. లోపల గాలి తీసేసి కొన్ని చుక్కల నీళ్ళు ఉంచుతారు. చిప్పు మీదున్న చోట నీరు ఆవిరై, చల్లగా ఉన్న అంచుల దగ్గర మళ్ళీ నీరై, సన్నటి రాగి జాలీ గుండా వెనక్కి వస్తుంది. మూసాపేట పక్కనే సనత్‌నగర్‌లో ఒకప్పుడు హైదరాబాద్ ఆల్విన్ వాళ్ళు ఫ్రిజ్‌లు చేసేవారు. ఆ ఫ్రిజ్‌లోనూ ద్రవం ఆవిరవడం, ఆవిరి ద్రవమవడమే. కాకపోతే ఫ్రిజ్‌కి కంప్రెసర్ ఉంది, చల్లటి చోటు నుంచి వేడిచోటుకి వేడిని బలవంతంగా నెట్టగలదు. ఫోనుకి లేదు. ఆవిరి గది వేడిని ఒక్కచోట కుప్పపడకుండా ఫోను వెనకభాగమంతా పరుస్తుంది, అంతే. అక్కడి నుంచి గాలిలోకి పోవాలంటే ఫోను ఒంటి కంటే గాలి చల్లగా ఉండాల్సిందే.

అసలు చిక్కు ఇక్కడుంది. చేతిలో పట్టుకునే ఫోను పైభాగం 43–45 డిగ్రీలు దాటకుండా తయారీదార్లు హద్దు పెట్టుకుంటారు. అంతకు మించితే చెయ్యి ఓర్చుకోదు. వేడి బయటికి పోయే వేగం, ఉజ్జాయింపుగా, ఫోను ఒంటికీ గాలికీ మధ్య ఉన్న తేడాను బట్టి ఉంటుంది. 25 డిగ్రీల గదిలో పరీక్షిస్తే 45కీ దానికీ తేడా 20. హైదరాబాద్‌లో మే నెల పగటి గరిష్ఠం మామూలుగానే 39–40 దగ్గర ఆడుతుంది. గదిలో 38 ఉందనుకుంటే తేడా 7. పరీక్షగదిలో 5 వాట్లు నిలకడగా వదలగలిగిన ఫోను ఈ గదిలో వదిలేది రెండు వాట్లలోపే, దాదాపు మూడో వంతు. ఫోను ఇక చేయగలిగింది ఒక్కటే, వేగం తగ్గించుకోవడం. తెర మసకబారుతుంది, కొన్ని ఫోన్లలో చార్జింగ్ ఆగిపోతుంది, ఫ్రేములు రాలిపోతాయి. కుర్రాళ్ళు 'ల్యాగ్ కొడుతోంది' అని నెట్‌వర్క్‌ని తిడతారు. ఆపిల్ తన ఐఫోన్లకు పరిసరాల ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలని స్పెసిఫికేషన్లలోనే రాస్తుంది. ఆ లెక్కన మన వేసవి మధ్యాహ్నం ఫోను పనిచేయాల్సిన హద్దుకి అవతలే ఉంది. ఒక చిత్రం: సీలింగ్ ఫ్యాను గాలి ఈ లెక్కను కొంత మెరుగుపరుస్తుంది, మందపాటి బ్యాక్ కవర్ పాడుచేస్తుంది. ఆడేముందు పౌచ్ తీసేయమని మొబైల్ షాపులవాళ్ళు ఉచితంగా ఇచ్చే సలహాలో భౌతికశాస్త్రం గట్టిగానే ఉంది.

మొదటి నిమిషం అంకెకి విలువ కట్టినంతకాలం తయారీదార్లు ఆ అంకెనే సాకుతారు. 2013లో శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్4 బెంచ్‌మార్క్ యాప్‌లు నడిచేటప్పుడు మాత్రం గ్రాఫిక్స్ వేగాన్ని 480 నుంచి 533 మెగాహెర్ట్జ్‌కి పెంచుతోందని బయటపడింది. 2018 సెప్టెంబరులో హువావే ఫోన్లు అలాంటి పనికే 3డీమార్క్ పట్టికలోంచి తొలగింపుకు గురయ్యాయి. 2021లో వన్‌ప్లస్ 9 వరస ఫోన్లు జనం ఎక్కువగా వాడే యాప్‌లను నెమ్మదిగా నడిపి, బెంచ్‌మార్క్‌లను మాత్రం పూర్తి వేగంతో నడపడంతో గీక్‌బెంచ్ వాటిని తీసేసింది. 2022 మార్చిలో శామ్‌సంగ్ వేలాది యాప్‌లను వెనక్కి లాగే సాఫ్ట్‌వేర్ పెట్టిందని గొడవైనప్పుడు ఎస్10 నుంచి ఎస్22 దాకా నాలుగు తరాల ఫోన్లకూ అదే గతి పట్టింది. ఇందులో ఒక మెలిక ఉంది. ఆటల్ని నెమ్మదిగా నడపడం తప్పు కాదు. పైన చెప్పిన ఘాతం లెక్క ప్రకారం అదే తెలివైన పని. తప్పు ఎక్కడంటే, పరీక్షకుడికి ఒక ఫోను, కొన్నవాడికి ఇంకో ఫోను చూపించడంలో.

మరి నిజాయితీగా కొలవడం ఎలా? 3డీమార్క్‌లో ఒకే దృశ్యాన్ని నిమిషం చొప్పున ఇరవైసార్లు ఆపకుండా నడిపే పరీక్ష ఉంది. దాని ఫలితంలో అందరూ ఎత్తి చూపేది స్థిరత్వ శాతం. అదీ మోసం చేయగలదు. 100 పాయింట్లతో మొదలై 60కి దిగిన ఫోనుది 60 శాతం స్థిరత్వం. 55తో మొదలై 54 దగ్గర ఆగినదానిది 98 శాతం. ఇరవయ్యో రౌండులో ముందున్నది మాత్రం మొదటిదే. చూడాల్సింది ఆఖరి రౌండు పాయింట్లు, అప్పటి ఫోను ఒంటి వేడి, ఆ గది ఉష్ణోగ్రత, ఈ మూడూ కలిపి. సగటు ఫ్రేముల లెక్క కూడా అలాంటిదే. సెకనుకి 60 ఫ్రేములంటే ఒక్కోదానికి 16.7 మిల్లీసెకన్లు. ఒక సెకనులో 54 ఫ్రేములు సమయానికి వచ్చి, ఒక్క ఫ్రేము 100 మిల్లీసెకన్లు నిలిచిపోయిందనుకోండి. సగటు 55 అని చక్కగా చూపిస్తుంది. కానీ ఎదుటివాడు కాల్చింది సరిగ్గా ఆ పదోవంతు సెకనులోనే అయితే సగటు ఏం చేసుకుంటాం? ఇక 60 నుంచి 120 హెర్ట్జ్‌కి మారితే కలిసొచ్చేది 8.3 మిల్లీసెకన్లు. మొబైల్ నెట్‌వర్క్‌లో పింగ్ ఒక్కసారి ఎగిరితే పోయేది అంతకు మించే.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. మొదటిది: వాడకం ఎక్కువభాగం చిన్న చిన్న పరుగులే, యాప్ తెరవడం, ఫొటో తీయడం, అక్కడ గరిష్ఠ వేగమే ముఖ్యం. నిజమే. కానీ అది మామూలు ఫోనుకి వాదన. గేమింగ్ పేరుతో అదనపు డబ్బు తీసుకునే ఫోనుకి నిలకడే సరుకు. రెండోది: చిప్పులు మెరుగవుతున్నాయి, సమస్య తానే పోతుంది. 2022లో ఇందుకు మంచి సాక్ష్యమే దొరికింది. శామ్‌సంగ్ ఫ్యాక్టరీలో తయారై వేడికి పేరుమోసిన స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 1ని టీఎస్‌ఎంసీకి మార్చి 8 ప్లస్ జెన్ 1గా తెస్తే తేడా స్పష్టంగా కనిపించింది. కానీ అలా మిగిలిన వెసులుబాటుని ఎక్కడ ఖర్చుపెట్టారు? 2023 చివర 8 జెన్ 3 గరిష్ఠ వేగం 3.3 గిగాహెర్ట్జ్, ఏడాది తరవాత 3 నానోమీటర్ల 8 ఎలైట్‌ది 4.32. మిగుల్చుకున్నదాంట్లో పెద్ద భాగం మళ్ళీ మొదటి నిమిషానికే ధారపోశారు. మూడోది: ఫ్యాను ఉంటే చాలదా? ఫ్యాను గాలిని కదిలిస్తుందే గానీ గదికంటే చల్లబరచదు, పైగా దాని రంధ్రాల్లో మన దుమ్ము చేరుతుంది. వెనక తగిలించే పెల్టియర్ కూలర్ గదికంటే చల్లబరచగలదు. బదులుగా సొంతంగా కరెంటు తింటుంది, విజయవాడ లాంటి ఉక్కపోత ఊళ్ళో ఫోను మీద తేమ పట్టే ప్రమాదమూ ఉంది. నాలుగోది, ఏసీలో ఆడుకోవచ్చుగా అనేది. ఏసీ గదిలో ఆడేవాళ్ళకి ఈ వ్యాసంతో నిజంగానే పనిలేదు.

హైదరాబాద్ ఈ యంత్రానికి పరాయిది కాదు. శాన్‌డియాగో తరవాత తన అతిపెద్ద క్యాంపస్ హైదరాబాద్‌లోనే వస్తుందని, ఐదేళ్ళలో 3,904 కోట్ల రూపాయలు పెడతానని క్వాల్‌కామ్ 2022లో ప్రకటించింది. వన్‌ప్లస్ 2019లో తన పరిశోధన కేంద్రాన్ని ఇక్కడే తెరిచింది. అమీర్‌పేటలో మెట్రో మారి హైటెక్ సిటీ వెళ్ళే ఇంజనీరు మూసాపేట గది వేడిని కొలవడానికి విమానం ఎక్కనక్కర్లేదు. గది వేడిని తగ్గించే ప్రయత్నం వేరే జరుగుతోంది: తెలంగాణ 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. యంత్రాల్ని మన ఎండల్లో తూచడానికీ దారి తెలిసినదే. ఏసీల స్టార్ రేటింగ్‌కి బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వాడే ఐసీర్ అనే కొలమానం బయటి ఉష్ణోగ్రత 24 నుంచి 43 డిగ్రీల దాకా ఎన్ని గంటలు ఉంటుందో మన దేశపు లెక్కతో గణిస్తుంది. 2018 నుంచి అది తప్పనిసరి. ఫోన్ల మరమ్మతు సులువును సూచించే రేటింగ్ గురించి 2025లో కేంద్రానికి ఒక కమిటీ నివేదిక కూడా ఇచ్చింది. ఆ రేటింగ్ చీటీ ఎలాగూ పెట్టె మీద అంటించేట్టయితే దానిమీద ఇంకొక్క వరస చాలు: 40 డిగ్రీల గదిలో, ఇరవై నిమిషాల ఆట తరవాత, సెకనుకి ఎన్ని ఫ్రేములు, ఫోను ఒంటి మీద ఎన్ని డిగ్రీలు.