పేనుకొరుకుడు – పేరు చేసిన మోసము

తలవెంట్రుకలను గూర్చి మన యిండ్లలో వ్యాపించియున్న భ్రమలు పెక్కు గలవు. వానిలో మిక్కిలి హాని చేయునది ఒక పేరునందే దాగియున్నది. తలపై రూపాయి బిళ్ల యంత మేర వెంట్రుకలూడి చర్మము నున్నగా కనబడినచో మనవారు దానిని పేనుకొరుకుడు అందురు. పేరు వినగానే ఏదియో పురుగు రాత్రివేళ వచ్చి కుదుళ్లు కొరికి పోయినదని తోచును. కాని, సోదరీమణులారా, పేను వెంట్రుకను కొరుకదు, తినదు. అది తలచర్మమునుండి రక్తము పీల్చి బ్రతుకునది. దానివలన దురద పుట్టును గాని యిట్టి మచ్చ పుట్టదు.

మరి కారణమేమన, దేహమును రోగములనుండి కాపాడవలసిన రక్షకశక్తియే పొరబడి, కేశమూలములను శత్రువులుగా నెంచి వానిపై బడుట. ఆయుర్వేద గ్రంథములందు ఇంద్రలుప్తమను పేర చెప్పబడినది యిట్టి వ్యాధియే. ఇది అంటువ్యాధి కాదు. దువ్వెనవలన రాదు, ప్రక్కన కూర్చుండుటవలన రాదు. ఈ మాట నొక్కి చెప్పుటకు హేతువు గలదు. మా తుమ్మలపల్లెలో పదేండ్ల బాలిక యొకతెకు ఈ మచ్చ రాగా, తోడి పిల్లల తల్లులు తమ బిడ్డలను ఆమె చెంతకు పోనీయరైరి. పిల్ల బడి మానినది. "ఆడబిడ్డ తల ఇట్లయితే రేపు ఎవరు చేసుకుంటారమ్మా" అని తల్లి మా వాకిట కూర్చుండి కన్నీరు పెట్టుకొనెను.

ఈ రోగముకంటె దానికి చేయు నాటువైద్యము భయంకరమైనది. గరుకు గుడ్డతో మచ్చను నెత్తురు చిమ్మువరకు రుద్ది, పైన గురివింద గింజలు అరగదీసిన ముద్ద పట్టింతురు. పూర్వము కంసాలి బంగారము తూచుటకు వాడిన ఆ చక్కని యెఱ్ఱని గింజయందు అబ్రిన్ అను ఘోరవిషము గలదు. పెంకు గట్టిది గనుక పగులని గింజనుండి విషము సులభముగా బయటకు రాదు. నూరినప్పుడో, అంతయు వెలువడును. పశువులను దొంగతనముగా చంపువారు ఒకప్పుడు ఈ ముద్దతోనే సూదులు చేసి గ్రుచ్చెడివారు. అట్టిదానిని పసిపిల్ల తలమీది పచ్చి గాయమునకు పూయుట యెంత సాహసము! ఆయుర్వేదము సైతము శోధనము చేయనిదే దీనిని వాడరాదనును. మన పెరటిలోని సానరాతికి ఆ శోధనము తెలియదు గదా.

"మా అత్తగారికి దానితోనే మొలిచినవి" అని కొంద రనవచ్చును. మొలచుట నిజమే. ఒకటి రెండు చిన్న మచ్చలు మాత్రమే యున్నవారిలో ఇంచుమించు సగము మందికి ఏడాదిలోపల ఏ మందును లేకయే వెంట్రుకలు తిరిగి వచ్చును. ఆ కీర్తి గురివిందకు దక్కుచున్నది.

అయినను మచ్చలన్నియు నొకటి కావు. మచ్చపై పొట్టు రాలుచు, వెంట్రుకలు మొదటికి విరిగి, దురదయు నున్నచో అది తలకు పట్టిన తామర కావచ్చును. పిల్లలకు తరచుగా వచ్చునది యిదియే, మరియు ఇది అంటును. దీనికి పైపూత చాలదు. కొన్ని వారములు నోటిద్వారా మందు పుచ్చుకొనవలెను. ఉపేక్షించినచో కొందరికి ఆ తావున వెంట్రుకలు మరల రాకపోవుటయు గలదు. రెంటికిని భేదము చెప్పగలవాడు చర్మవైద్యుడే. మే మెంతో చెప్పిన మీదట ఆ బాలికను కడపలోని ప్రభుత్వాసుపత్రికి తీసికొని పోయిరి. ఇది అంటునది కాదని వైద్యులు చెప్పిరి. వెంట్రుకలింకను పూర్తిగా రాలేదు గాని పిల్ల బడికి పోవుచున్నది.

పేల మాట యెత్తితిమి గనుక మరియొకటి. పేలకు కిరసనాయిలు రాచుట వెంటనే మానవలెను. పొయ్యి దగ్గరకు పోయిన పిల్ల తల భగ్గున మండవచ్చును. పేలు ఎగురవు, దుముకవు. తలకు తల తగిలినపుడు ప్రాకి పోవును. ఈపి పొదుగుటకు ఏడు మొదలు పది దినములు పట్టును గనుక, ఒకనాడు దువ్వి ఊరకుండిన ప్రయోజనము లేదు. తడితలను పేలదువ్వెనతో రెండు మూడు దినములకొకమారు రెండు వారములు దువ్వవలెను.

మా యూర జుట్టు రాలిన ప్రతివారును నీటిని నిందింతురు. యురేనియము గని యున్న యూరు గనుక ఈ భయము సహజమే. ఇచ్చటి రాయి సున్నము, మెగ్నీషియము గలది, బోరునీరు చవుడు. సబ్బు నురుగక, తెల్లని తెట్టుగా వెంట్రుకల నంటి వానిని బిరుసు చేయును; అంతియే గాని కుదురును చంపదు. కాన్పయిన రెండు మూడు నెలలకో, పెద్ద జ్వరము తగ్గిన పిమ్మటనో కుచ్చులుగా రాలినచో, అది చాలమందికి ఏడాదిలోపల తనంతట సర్దుకొనును. రక్తహీనత యున్నదేమో చూపించుకొనుటయు మంచిది.

ఇంతమాత్రమున నీటిని శంకింపవలదని మా యభిప్రాయము కాదు. యురేనియము నీట మితిమీరిన దాని దెబ్బ ముఖ్యముగా మూత్రపిండములకు. లీటరునకు 30 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. కావున జుట్టు రాలుచున్నది గనుక నీరు విషమనుటయు, జుట్టు బాగున్నది గనుక నీరు మంచిదనుటయు రెండును పొరపాట్లే. బోరునీటిని పరీక్ష చేయించి, ఆ కాగితము చేతికి ఇమ్మని అడుగవలెను.

ఇక తలంటికి చవుటినీటిలో సబ్బుకంటె కుంకుడుకాయయే మేలు. దాని నురుగు తెట్టు కట్టదు. పిల్లల కండ్లలో పడకుండ మాత్రము చూచుకొనవలెను.