మర్రిమాను చుట్టూ యాభై రౌండ్లు

ఉమ్మడి అనంతపురం జిల్లా పల్లెల్లో చీకటితో లేచి రోడ్డెక్కి పరిగెత్తే కుర్రాళ్లలో ఎక్కువమంది లెక్క ఒక్కటే: 1600 మీటర్లు. కానిస్టేబుల్ ఎంపికలో అదే దూరం, ఆర్మీ ర్యాలీలోనూ అదే. తనకల్లు కుర్రాడొకడు ఆ మెట్టు దాటి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో జరిగే మారథాన్‌కు పేరిచ్చాడనుకోండి. ఆ 1600 మీటర్లనే ఆపకుండా ఇరవయ్యారు సార్లు పరిగెత్తాలి. ఆ పైన మిగిలే ఆరొందల మీటర్లు అదనం. కానిస్టేబుల్ పరీక్షలో మగవాళ్లకు 1600 మీటర్లకు ఇచ్చే గడువు 8 నిమిషాలు. 2023లో షికాగోలో 2 గంటల 35 సెకన్లలో మారథాన్ ముగించిన కెన్యా రన్నర్ కెల్విన్ కిప్టమ్‌కు ప్రతి 1600 మీటర్లకూ పట్టింది సుమారు 4 నిమిషాల 34 సెకన్లు. అదీ వరసగా ఇరవయ్యారు సార్లు!

*

తనకల్లుకు అంత దూరమేమీ కాని గూటిబయలులో తిమ్మమ్మ మర్రిమాను ఉంది. 1989లో గిన్నిస్ బుక్‌కెక్కినప్పుడు ఆ మాను విస్తీర్ణం 5.2 ఎకరాలు, చుట్టుకొలత 846 మీటర్లు. ఈ రెండో అంకెను 42,195 మీటర్లతో ఎవరూ ముడిపెట్టినట్టు లేదుగానీ, లెక్క కడితే ముచ్చటగా ఉంటుంది. మాను చుట్టూ యాభై రౌండ్లు వేస్తే మారథాన్ పూర్తయినట్టే, నూరు మీటర్లు ఎక్కువే అవుతుంది. అయితే మర్రి ఊడలు ఏటా పాకుతూనే ఉంటాయి కాబట్టి ఈ లెక్క ఆనాటి మానుకే చెల్లుతుంది. ఇప్పుడైతే నాలుగు రౌండ్లు తక్కువే పట్టొచ్చు.

*

ఇక అసలు సంగతి. మొదటిసారి మారథాన్‌కు తయారయ్యేవాళ్లు ఎక్కువగా చెడగొట్టుకునేది చివరి మూడు వారాలనే. అప్పటిదాకా చక్కగా సాధన చేసినవాడు కూడా రేసు దగ్గర పడేసరికి భయంతో ఇంకో పాతిక కిలోమీటర్లు, ఇంకో ముప్పై అని కాళ్లను పిండేస్తాడు. ఈ రోజు పడిన శ్రమ ఒంటికి బలంగా మారడానికి పది రోజులో, అంతకంటే ఎక్కువో పడుతుంది. రేసుకు వారం ముందు చేసిన కష్టం వల్ల రేసు రోజుకు మిగిలేది అలసటే.

అందుకే చివరి వారాల్లో పరుగు తగ్గించాలి. దీన్నే రన్నర్లు టేపరింగ్ అంటారు. ఎంత తగ్గించాలన్నది కూడా ఊహకు వదిలేసిన విషయం కాదు. 2007లో లారెంట్ బోస్కే బృందం అంతకుముందు వచ్చిన అధ్యయనాలను కలిపి చూసి ఒక లెక్క తేల్చింది. రెండు వారాల పాటు దూరాన్ని 41 నుంచి 60 శాతం దాకా తగ్గించి, వేగాన్ని మాత్రం తగ్గించకుండా ఉంటే ఫలితం బాగుంటుందన్నది దాని సారం. వారానికి 60 కిలోమీటర్లు పరిగెత్తేవాడు పాతిక, ముప్పై అయిదు మధ్యకు దిగాలి. కానీ పరుగును ఈడ్చకూడదు. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. దూరం అలాగే ఉంచి వేగం తగ్గిస్తారు.

జాతరలో బండలాగుడు పందేనికి వెళ్లే ఎద్దులను ముందు వారం ఎవరూ దుక్కికి కట్టరు. మనిషి కాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఎందుకో ఈ ఇంగితం పనిచేయదు.

*

టేపరింగ్‌లో పుట్టే చిత్రమైన జబ్బొకటుంది. అన్నాళ్లూ నొప్పి తెలియని మోకాలు ఉన్నట్టుండి సలుపుతుంది. మడమ దగ్గర ఏదో కలుక్కుమంటుంది. గొంతులో గరగర మొదలవుతుంది. రన్నర్లు దీని గురించి నవ్వుతూ చెప్పుకుంటారుగానీ, ఆ రెండు వారాలూ ఇంట్లోవాళ్లకు మాత్రం నరకమే. పరుగు తగ్గి ఖాళీ సమయం, దాంతోపాటు కంగారు పెరిగితే మనసు ఒళ్లంతా తడిమి చూసుకోకుండా ఎలా ఉంటుంది? చాలావరకు ఆ నొప్పులు రేసు మొదలైన రెండో కిలోమీటరుకే మాయమవుతాయి. వాపు ఉన్నా, నడుస్తుంటే కుంటినా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. అక్కడ మొండితనం పనికిరాదు.

*

తనకల్లు నుంచి కదిరి దాకా వెళ్లి వెనక్కి వస్తే మారథాన్ దూరం దాటిపోతుంది. అయినా సాధనలో ఆ పని చేయమని ఏ కోచ్ కూడా చెప్పడు. రేసుకు సుమారు మూడు వారాల ముందు చేసే ఆఖరి లాంగ్ రన్ ముప్పై, ముప్పై రెండు కిలోమీటర్లకు మించకపోవడం ఆనవాయితీ. మిగతా పది కిలోమీటర్లను రేసు రోజున మొదటిసారి చూస్తారన్నమాట. ఒక్కసారైనా పూర్తి దూరం పరిగెత్తి చూడకుండా ఎలా అని మొదటిసారి వెళ్లే ప్రతివాడూ అడుగుతాడు. ఆ ఒక్కసారి నుంచి కోలుకోవడానికే వారాలు పడతాయి. అన్ని వారాలు చేతిలో ఉండవు.

*

తెల్లవారుజామున పరిగెత్తేవాడికి పల్లె రోడ్ల మీద అసలు ప్రత్యర్థి కుక్క. దీనికి ఒలింపిక్ చరిత్రే ఉంది. 1904లో సెయింట్ లూయిస్ మారథాన్‌లో దక్షిణాఫ్రికా రన్నర్ లెన్ టౌన్యానేను కుక్కలు తరిమి, దారి తప్పించి సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల దూరం తీసుకెళ్లాయి. అయినా అతను తొమ్మిదో స్థానంలో నిలిచాడు. కుక్క లేకపోతే పతకం వచ్చేదేమో!

ఆ రేసులో కుక్కల కంటే పెద్ద కష్టం నీళ్లు. ముప్పై డిగ్రీలు దాటిన ఎండ, మట్టి రోడ్డు, ముందు పోయే కార్లు లేపే దుమ్ము. నిర్వాహకుడు జేమ్స్ సలివన్‌కు నీళ్లు తాగకుండా పరిగెత్తితే ఏమవుతుందో చూడాలన్న సరదా. అందుకని దారిలో నీటి వసతి దాదాపు లేకుండా చేశాడు. నమ్ముకోవడానికి పన్నెండో మైలు దగ్గర ఒక బావి. 32 మంది బయల్దేరితే 14 మందే ముగించారు. కరువు సీమ రైతు ఎవరిని అడిగినా ఆ ప్రయోగం ఫలితం ముందే చెప్పేవాడు.

*

అలాగని నీళ్లు ఎంత తాగితే అంత మంచిదనుకుంటే అదీ పొరపాటే. 2002 బోస్టన్ మారథాన్ ముగించిన 488 మంది రక్తం పరీక్షిస్తే వారిలో 13 శాతం మందికి సోడియం ఉండాల్సిన దానికంటే తక్కువగా తేలింది. ఆ స్థితికి ముఖ్య కారణం దారి పొడవునా అతిగా నీళ్లు తాగడం. నెమ్మదిగా, నాలుగు గంటలు దాటి పరిగెత్తేవాళ్లకే ఈ ప్రమాదం ఎక్కువ. ప్రతి స్టాల్ దగ్గరా ఆగి తాగే తీరిక వాళ్లకే కదా ఉండేది. దాహం వేసినప్పుడు తాగడం, అందులో ఉప్పు ఉండేలా చూసుకోవడం, దాదాపు ఇంతే సూత్రం. మన ఉప్పేసిన పల్చటి మజ్జిగ సాధన రోజుల్లో భేషుగ్గా పనికొస్తుంది. రేసు మధ్యలో మాత్రం వద్దు, కడుపు తిరగబడొచ్చు.

*

కరువు పీఠభూమి ఎండ రన్నర్‌కు శత్రువు అనుకుంటాం. చాలావరకు నిజమే. కానీ ఎండకు అలవాటు పడితే శరీరం పది, పద్నాలుగు రోజుల్లో తనను తాను మార్చుకుంటుంది. రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, చెమట తొందరగా మొదలవుతుంది, చెమటతో పోయే ఉప్పు తగ్గుతుంది. ఎండలో రోజంతా పొలం పనిచేసే మనిషికి ఇది ఎవరూ నేర్పకుండానే వస్తుంది. చల్లటి చోటుకు మారితే కొద్ది వారాల్లో పోతుంది కూడా. అందుకే రేసుకు నెల ముందే నగరం చేరి ఏసీ గదిలో కూర్చుంటే ఉన్న లాభం కాస్తా పోతుంది.

హైదరాబాద్ మారథాన్ ఆగస్టు చివర్లో జరుగుతుంది. నెక్లెస్ రోడ్డు వైపు మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగిసే ఆ దారికి ఫ్లైఓవర్ల వల్ల చెడ్డపేరు. తనకల్లు చుట్టుపక్కల ఎగుడు దిగుడు రోడ్లు తొక్కినవాడికి ఆ ఎత్తులు కొత్తకాదు. కొత్త అయ్యేది గాలిలోని తేమ. వానాకాలం ఉదయాన నగరంలో చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. పొడిగాలిలో సాధన చేసినవాడు అక్కడ మొదటి పది కిలోమీటర్లు కావాలనే నెమ్మదిగా పోవాలి.

తనకల్లు పీఠభూమి మీద ఉంది కదా, కెన్యా వాళ్లలాగా ఎత్తులో సాధన చేసిన ఫలితం దక్కదా అంటే, దక్కదు. కెన్యా రన్నర్ల ఊరు ఇటెన్ సుమారు 2400 మీటర్ల ఎత్తున ఉంది. మన ఎత్తు అందులో మూడో వంతు కూడా లేదు. ఆషాఢం గాలి మాత్రం పుష్కలం. అది పడమటి వైపు నుంచి వీస్తే, ఉత్తర దక్షిణాలుగా పోయే కదిరి రోడ్డు మీద పరిగెత్తేవాడిని పక్క నుంచి కొడుతుంది. గాలి దిశ మారి రోడ్డు వెంటే వీచే రోజుల్లో మాత్రం, ఎదురుగాలి లాగేసుకున్న సమయాన్ని వెనుకగాలి పూర్తిగా తిరిగి ఇవ్వదని గుర్తుంచుకుంటే, పోను రాను సమయాలు కుదరలేదని బెంగపడక్కర్లేదు.

*

1966లో స్వీడన్ డాక్టర్లు ఇద్దరు, యోనస్ బెర్గ్‌స్ట్రోమ్, ఎరిక్ హుల్ట్‌మన్, ఒకే వ్యాయామ సైకిల్‌కు చెరో వైపు కూర్చుని చెరో కాలితో తొక్కారు. ఆ కాలు పూర్తిగా అలసిపోయేదాకా తొక్కి, తర్వాత మూడు రోజులు పిండిపదార్థాలు దండిగా తిన్నారు. సూదితో తొడ కండరం ముక్కలు తీసి చూసుకుంటే తొక్కిన కాలిలో, కండరాలు ఇంధనంగా దాచుకునే గ్లైకోజెన్ రెండో కాలికి దాదాపు రెట్టింపు చేరింది. ఈ రోజు ప్రపంచంలో ప్రతి మారథాన్‌కు ముందూ జరిగే అన్నం పండుగకు మూలం ఆ రెండు కాళ్లే.

ఒంట్లో దాచుకోగల గ్లైకోజెన్ సుమారు అర కిలో. ముప్పై కిలోమీటర్ల దగ్గర అది అడుగంటితే కాళ్లు రాళ్లవుతాయి. అందుకే చివరి ఒకటిన్నర, రెండు రోజులు కిలో బరువుకు రోజుకు 10 గ్రాముల దాకా పిండిపదార్థం తినమంటారు. 60 కిలోల మనిషికి 600 గ్రాములు. అదంతా అన్నం రూపంలోనే తినాలంటే రోజుకు ముప్పావు కిలో బియ్యం వండాలి!

ఇక్కడే రాయలసీమ రన్నర్‌కు చిక్కు. సాధన నెలల్లో రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి కంటే మంచి భోజనం లేదనే చెప్తాను. కానీ రాగుల్లో పీచు ఎక్కువ, చెనిక్కాయల్లో దాదాపు సగం నూనె. పీచూ నూనే రెండూ కడుపులో నింపాదిగా కదిలే సరుకు. చివరి రెండు రోజులు సంగటిని పక్కన పెట్టి తెల్లన్నానికి మారడమే తెలివి. రేసు ఉదయాన ఉగ్గాని బాగా పనిచేస్తుంది. బొరుగులు తేలికగా అరుగుతాయి. బజ్జీలు మాత్రం మెడల్ మెడలో పడ్డాకే.

ఆ రెండు రోజుల్లో కిలో, కిలోన్నర బరువు పెరిగితే గాభరా వద్దు. ప్రతి గ్రాము గ్లైకోజెన్ తనతో సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుంటుంది. కొవ్వు కాదది.

*

కొన్ని చిన్న సంగతులు. రేసు కోసం కొత్త బూట్లు కొని దాచుకోవడం మనకు పండగ బట్టల అలవాటు. మారథాన్‌లో అది బొబ్బల దారి. లాంగ్ రన్‌లో తొడిగిన బూట్లే తొడగాలి, కాలిగోళ్లు రెండు మూడు రోజుల ముందే కత్తిరించుకోవాలి. మగవాళ్లు ఛాతీకి వాజిలైన్ పూసుకోవడం మరిచిపోతే తెల్ల బనీను మీద రెండు ఎర్రటి చారలతో ఫొటో దిగాల్సి వస్తుంది. ఇది జోక్ కాదు, ప్రతి మారథాన్‌లోనూ కనిపించే దృశ్యమే. ఆఖరి రాత్రి నిద్ర పట్టదు, ఎవరికీ పట్టదు. అంతకు ముందు రాత్రులు బాగా పడుకుంటే చాలు.

*

బూట్లే లేని రోజుల మాట ఒకటి. 1919లో పుణెలో డెక్కన్ జింఖానా పోటీలకు వచ్చిన పారిశ్రామికవేత్త దొరాబ్జీ టాటా చెప్పుల్లేకుండా పరిగెత్తిన రైతుబిడ్డల సమయాలు చూసి ఆశ్చర్యపోయాడు. ఆ ఆశ్చర్యమే 1920 ఆంట్వెర్ప్ ఒలింపిక్స్‌కు భారత జట్టు వెళ్లడానికి దారితీసింది. అక్కడ ఫడెప్ప చౌగులే మారథాన్‌లో 19వ స్థానంలో నిలిచాడు. తర్వాత వచ్చిన శివనాథ్ సింగ్ కూడా ఉత్త కాళ్ల వీరుడే. 1978లో జలంధర్‌లో ఆయన 2 గంటల 12 నిమిషాలకు పరిగెత్తిన జాతీయ రికార్డు నలభై ఏళ్లకు పైగా చెక్కుచెదరకుండా నిలిచింది.

మన ఉమ్మడి జిల్లాలోనూ దూరపు పరుగు ఉంది. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ పేరుతో ముడిపడిన అనంతపురం అల్ట్రా మారథాన్‌లో స్పెయిన్ నుంచి వచ్చినవాళ్లు, స్థానికులు కలిసి రిలే పద్ధతిలో 24 గంటల్లో 170 కిలోమీటర్లు పల్లెల మీదుగా పరిగెత్తుతారు. రాత్రిపూట కూడా.

*

ఆఖరిగా చేతి వాచీ గురించి. మారథాన్ దారిని కొలిచేది జీపీఎస్‌తో కాదు, సైకిల్‌తో. ముందు చక్రానికి జోన్స్ కౌంటర్ అనే చిన్న పరికరం బిగించి, మలుపుల్లో లోపలి అంచునే పట్టుకుని తొక్కుతారు. దారి పొరపాటున కూడా తగ్గకుండా వెయ్యికి ఒకటి చొప్పున, అంటే సుమారు 42 మీటర్లు, కలిపి మరీ గీస్తారు. రన్నర్ ఆ లోపలి అంచున పోలేడు. నీళ్ల స్టాల్ కోసం అటూ, జనాన్ని దాటడానికి ఇటూ తిరుగుతాడు. అందుకే ముగింపు గీతకు ఇంకా మూడు, నాలుగొందల మీటర్లు ఉండగానే వాచీ 42.2 చూపిస్తుంది. నిర్వాహకులను తిట్టకండి, పరుగు ఆపకండి.