తీర్థంలో జీళ్లు, ఇంట్లో అరిసెలు

తెలుగువారి చిన్ననాటి మిఠాయిల్లో చాలావాటికి ప్రాణం బెల్లం పాకమే. అరిసె, పప్పుండ, నువ్వుండ, మరమరాల ఉండ, కొబ్బరి లౌజు, జీడి పక్కపక్కన పెడితే ఒకదానికొకటి పోలిక ఉండదు. వాటిలో కలిసే దినుసులు సరే, అసలు తేడా మాత్రం పాకం పొయ్యి మీద ఎంతసేపు ఉందన్న దాంట్లోనే ఉంది. మరిగేకొద్దీ నీరు ఆవిరై పాకం చిక్కబడుతుంది, వేడి పెరుగుతుంది. 110 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో వేళ్ల మధ్య తీగ సాగుతుంది. 115కి అటూ ఇటూగా నీళ్లలో మెత్తటి ఉండ కడుతుంది. 120 దాటితే ఆ ఉండ గట్టిపడుతుంది. 145 దాటాక గాజులా పెళుసెక్కి పుటుక్కున విరుగుతుంది.

ఈ అంకెలతో ఇంటి వంటవాళ్లకు పని పడలేదు. పళ్లెంలో చన్నీళ్లు పోసి, ఒక చుక్క పాకం వేసి, వేళ్లతో దగ్గరికి తీస్తే సంగతి తెలిసిపోతుంది. ఉండ మెత్తగా నిలిస్తే అరిసెలకు సరి. పళ్లేనికేసి కొడితే టంగుమంటే పప్పుండలకు సరి. ఈ రెంటికీ మధ్య వ్యవధి కొద్ది నిమిషాలే కాబట్టి పాకం పట్టేటప్పుడు పిల్లల్ని పొయ్యి దరిదాపులకు రానిచ్చేవారు కాదు. పళ్లెంలో మిగిలిన పరీక్ష ఉండలు మాత్రం చివరికి వాళ్ల నోట్లోకే చేరేవి.

వీటన్నిటిలో పెంకిది అరిసె. బియ్యం రాత్రంతా నానబెట్టి, నీళ్లు వాడ్చి, తడి ఆరకముందే దంచి జల్లించాలి. పొడిపిండి పనికిరాదు, పాకాన్ని పీల్చేసుకుని బిగుసుకుపోతుంది. పాకం ముదిరితే అరిసె రాయవుతుంది, లేతగా ఉంటే నూనెలో విచ్చిపోతుంది. వేయించి తీసినదాన్ని చెక్కల మధ్య నొక్కి నూనె పిండేస్తారు. అంత శ్రమకు ఫలితం నిల్వలో కనిపిస్తుంది. తేమను బెల్లం పట్టి ఉంచడం వల్ల సూక్ష్మజీవులకు నీరు దొరకదు, అరిసెలు రోజుల తరబడి చెడవు. పండగకు వచ్చిన కూతుళ్లకు డబ్బాల్లో సర్ది పంపగలిగింది అందుకే.

సంక్రాంతికీ బెల్లానికీ ఉన్న చుట్టరికం కూడా పంట తెచ్చిపెట్టిందే. చెరకు నరికి గానుగాడే కాలమది. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటైన అనకాపల్లి చుట్టుపక్కల ఊళ్లలో, చిత్తూరు ప్రాంతంలో, పొలాల్లోనే పెద్ద పెనాలు పెట్టి రసం కాస్తారు. కాస్త సున్నం వేస్తే మడ్డి పైకి తేలుతుంది, దాన్ని తీసేస్తారు. ఆ వేడి పాకాన్ని ఆకులో పోయించుకుని ఊదుకుంటూ నాకడం చెరకు పండే ఊళ్ల పిల్లలకు దక్కిన భోగం.

జీళ్లు మాత్రం ఇంటివంట కాదు, తీర్థాలవి, తిరునాళ్లవి. కనుమ నాడు కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లినవారు జీళ్లూ ఖర్జూరమూ కొనకుండా తిరిగిరావడం అరుదు. ముదురు పాకాన్ని నూనె రాసిన బండ మీద పోసి, చెయ్యి తాళగలిగినంత చల్లారాక ముద్ద చేసి, స్తంభానికి దిగ్గొట్టిన కొక్కేనికి తగిలిస్తారు. లాగడం, మడిచి మళ్లీ తగిలించడం, మళ్లీ లాగడం! ప్రతి మడతలోనూ సన్నటి గాలి బుడగలు చిక్కుకుంటాయి. నల్లటి ముద్ద క్రమంగా లేత బంగారు రంగుకు తిరుగుతుంది. తర్వాత తాడులా సాగదీసి, ముక్కలు కొట్టి, నువ్వుల్లో దొర్లిస్తారు. బెల్లంలో సహజంగా ఉండే గ్లూకోజు, ఫ్రక్టోజు పలుకు కట్టనివ్వవు. జీడి పళ్లకు అంటుకుని సాగడంలో వాటి పాత్ర పెద్దదే.

పాకంతో పని లేని మిఠాయిలూ లేకపోలేదు. నాగుల చవితికి చిమ్మిలి రోట్లో నువ్వులూ బెల్లమూ కలిపి దంచితే అయిపోతుంది. సున్నుండకు వేయించిన మినుముల పిండి, బెల్లం, కాచిన నెయ్యి చాలు. తెలంగాణలో సద్దుల బతుకమ్మ నాటి మలీద ముద్దలకు రొట్టె నలిపి బెల్లం, నెయ్యి కలుపుతారు.

పంచదార తన వంతు మార్పు తెచ్చింది. బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం 1937లో వచ్చింది. 1952లో చిత్తూరులో మొదలైన న్యూట్రిన్ కంపెనీ కాగితం చుట్టిన బిళ్లల్ని పల్లెటూరి కిరాణా కొట్టు సీసాల దాకా చేర్చింది. గంట మోగిస్తూ వచ్చే పీచుమిఠాయిదీ పంచదార కథే. పీచుమిఠాయి యంత్రాన్ని 1897లో అమెరికాలో తయారుచేసిన ఇద్దరిలో ఒకరు పళ్ల డాక్టరు కావడం ఒక వింత. గులాబీ రంగు కోసం బట్టలకు వాడే రోడమిన్-బి కలుపుతున్నారని తేలి 2024లో తమిళనాడు పీచుమిఠాయి అమ్మకాలను నిషేధించింది.

పాత రుచి రావడం లేదన్న ఫిర్యాదుకు చేతి నేర్పుతో పాటు బెల్లమూ కారణమే. మెరిసే పసుపు రంగు కోసం కొందరు తయారీదారులు ‘హైడ్రోస్’ అనే సోడియం హైడ్రోసల్ఫైట్ కలుపుతారు. దాంతో బెల్లానికి నిగారింపు వస్తుంది, కమ్మదనం తగ్గుతుంది. పాకానికి ముదురు రంగు బెల్లాన్ని ఏరుకోవడం తెలివైన పని.

ఇప్పుడు అరిసెలు, సున్నుండలు, 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బందరు లడ్డూలు ప్యాకెట్లకెక్కి అమెరికా దాకా వెళ్తున్నాయి. జీళ్లకు ఆ యోగం అంతగా పట్టలేదు. బెల్లం గాలిలోని తేమను లాక్కుంటుంది కాబట్టి విడివిడిగా ఉన్న ముక్కలు త్వరలోనే ఒకే ముద్ద అయిపోతాయి. తీర్థంలో కొన్న పొట్లాన్ని వీలైనంత త్వరగా ఖాళీ చేయాల్సిందే.